డయాలసిస్ రోగులు – గుండె రక్షణ

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కిడ్నీ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఎక్కువగా గుండె గురించే చెబుతాను. డయాలసిస్ మీద ఉన్నవారి ప్రాణానికి అన్నిటికంటె ఎక్కువ ముప్పు వచ్చేది గుండె వైపు నుంచే.

ఒక చిన్న లెక్క చూడండి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున డయాలసిస్ అంటే 12 గంటలు. వారానికి 168 గంటలు. మిగిలిన 156 గంటలూ యంత్రం లేదు. మన దగ్గర చాలామంది రెండుసార్లే చేయించుకుంటారు. వారికి ఆ గంటలు 160. ఆ సమయంలో ఒంట్లో చేరిన నీరు, ఉప్పు, పొటాషియం భారమంతా గుండె మీదే పడుతుంది. అసలే ఏళ్ళ తరబడి ఉన్న రక్తపోటువల్ల గుండె ఎడమ గది గోడ మందంగా తయారై ఉంటుంది. దానికి రక్తహీనత తోడవుతుంది.

అమెరికాలో 32,000 మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు రోజుల ఎడం వచ్చిన మరునాడు మరణాలు, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడాలు మిగతా రోజులకంటె ఎక్కువని అందులో తేలింది.

ఇది మా ఇంట్లోనే చూశాను. మా బావగారికి మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఒక ఆదివారం ఇంట్లో శుభకార్యం. పులిహోర, అప్పడాలు, కొత్తావకాయ. "ఒక్క పూటకి ఏమవుతుందిలే" అన్నాం. ఆయన విస్తట్లో ఆవకాయ వడ్డించినవారిలో నేనూ ఉన్నాను. దాహం వేసి ఆ రోజంతా నీళ్ళు తాగుతూనే ఉన్నారు. సోమవారం రాత్రి పడుకోలేక కూర్చుండిపోయారు. గ్యాస్ అనుకుని ఇంట్లోవాళ్ళు సోడా ఇచ్చారు. అది ఊపిరితిత్తుల్లోకి చేరిన నీరు. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళి డయాలసిస్ చేయిస్తే దక్కారు. వైద్యుణ్ణయి ఉండి నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దని ఈ సంగతి చెబుతున్నాను.

ఇక ఇంట్లో చేయవలసినవి.

మొదటిది ఉప్పు. దాదాపు 9 గ్రాముల ఉప్పు ఒంట్లో లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తగ్గితే దాహం దానంతటదే తగ్గుతుంది. ఊరగాయలు, అప్పడాలు, ఊరమిరపకాయలు దూరంగా పెట్టండి. "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. అది వీరికి ప్రమాదం.

రెండవది నీరు. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పొద్దున్నే ఒక సీసాలో నీళ్ళు పోయండి. కాఫీ, మజ్జిగ, చారు ఎంత పుచ్చుకుంటే అన్ని నీళ్ళు సీసాలోంచి పారబోయండి. రోజూ ఒకే వేళకు బరువు చూసి రాయండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. నాలుగు లీటర్లు పేరనిచ్చి నాలుగు గంటల్లో లాగించితే రక్తపోటు పడిపోతుంది, గుండె కండరానికే రక్తం చాలదు.

మూడవది పొటాషియం. ఇది పెరిగితే ముందస్తు హెచ్చరిక లేకుండా గుండె లయ తప్పవచ్చు, ఆగిపోవచ్చు. నీరసంగా ఉన్నారని ప్రేమకొద్దీ కొబ్బరినీళ్ళు, పళ్ళరసాలు ఇవ్వకండి. కూరముక్కలు తొక్క తీసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండండి.

ఫాస్ఫరస్ మాత్రలు భోజనంతోపాటే వేసుకోవాలి. ఫాస్ఫరస్ పెరిగితే రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది. డయాలసిస్ రోజున బి.పి. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరుగారినే అడగండి. పెళ్ళని, ప్రయాణమని డయాలసిస్ మానవద్దు. ముందే చెబితే చాలాచోట్ల రోజు మార్చి ఇస్తారు.

ఒక్క హెచ్చరిక. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, గుండెదడ, కాళ్ళూ చేతులూ సత్తువ తప్పడం కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి. డయాలసిస్ రోగి అని మొదటే చెప్పండి.

యంత్రం సంగతి ఆసుపత్రివారు చూసుకుంటారు. మిగిలిన 156 గంటలు అమ్మ, అక్కయ్య, కోడలు, కొడుకు చేతుల్లో ఉన్నాయి. రోగిని విసుక్కోకుండా, ఇల్లంతా ఆయనతోపాటు ఉప్పు తగ్గించుకుంటే ఆయనకు ఆ పథ్యం బరువనిపించదు.