ఇంత సింపుల్ ఐడియాకి కూడా పేటెంటా?

అమెరికాలో చాలా ఇళ్ల గోడలు ఇటుకలతో కట్టరు. నిలువు చెక్కలు వరుసగా నిలబెట్టి, మధ్యలో చలీ వేడీ ఆపడానికి ఇన్సులేషన్ పెడతారు. చెక్కకీ చెక్కకీ మధ్య ఖాళీ సాధారణంగా పద్నాలుగున్నర అంగుళాలు. మన థర్మోకోల్ లాంటి గట్టి బోర్డు పెట్టాలంటే కొలిచి కోయాలి. చెక్క కొంచెం వంకరగా ఉన్నా పక్కన సందు మిగులుతుంది, గాలి అందులోంచే దూరుతుంది.

ఇప్పుడు ఒకాయన వచ్చి "బోర్డు అంచు నొక్కితే కుదించుకుపోయేలా చేశాను, ఖాళీలో పెట్టి వదిలితే అదే బిగుసుకుంటుంది" అన్నాడనుకోండి. పేటెంట్ ఇవ్వాలా?

"ఇందులో ఏముంది బాస్!" అనిపించింది నాకైతే. గ్లాస్ వూల్‌ని ఎప్పటినుంచో అలాగే పెడుతున్నారు కదా. 15 అంగుళాల ముక్కని ఆ పద్నాలుగున్నరలోకి నొక్కేస్తారు, అంతే. కోర్టులో ఎదుటి కంపెనీ లాయర్ వాదన కూడా ఇదే. ఆ పని తెలిసిన మామూలు మనిషికి అప్పటికే తట్టే విషయమైతే పేటెంట్ చెల్లదు. దీన్నే ఆబ్వియస్‌నెస్ అంటారు.

కానీ జవాబు చూశాక ప్రతి లెక్కా ఈజీనే. జాబ్‌లో ఉన్నప్పుడు ఒక బగ్ కోసం మూడు రోజులు నిద్ర లేదు నాకు. ఫిక్స్ చూసి మా లీడ్ "ఒక్క లైనేగా" అన్నాడు. ఇప్పటికీ మండుతుంది.

1966లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఒక నాగలి కేసు వచ్చింది, గ్రాహం వర్సెస్ జాన్ డీర్. ఆ పేటెంట్ చెల్లదన్నారు. అయినా ఆ తీర్పులో ఆవిష్కర్తకి పనికొచ్చే ప్రశ్నలూ ఉన్నాయి. ఈ ఇబ్బంది చాలాకాలంగా ఉందా? వేరేవాళ్లు ప్రయత్నించి ఫెయిలయ్యారా? అంటే, అంత ఈజీ అయితే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చేయలేదు?

2007లో ఇంకో పెద్ద కేసు, కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్. కారు యాక్సిలరేటర్ పెడల్ గొడవ. డ్రైవర్ ఎత్తుని బట్టి జరుపుకునే పెడల్ ముందే ఉంది, ఎలక్ట్రానిక్ సెన్సరూ ముందే ఉంది. రెండూ కలిపారు. కలపమని ఎక్కడో సూచన ఉండాలని కింది అప్పీల్ కోర్టు పట్టుబట్టినట్టే పట్టుబట్టింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. మామూలు పనివాడు రోబో కాదు, అతనికీ బుర్ర ఉంటుంది, తెలిసిన ముక్కల్ని తనే అతికించుకోగలడు అని. పేటెంట్ పోయింది.

మరి మన బోర్డు? గట్టి బోర్డు పక్కన గ్లాస్ వూల్ పట్టీ అతికించి తెస్తే, నా లెక్కలో పెడల్ కథే. కానీ గట్టి ఫోమ్‌ని నొక్కితే నలిగిపోతుంది, తిరిగి పూర్తిగా లేవదు. నలక్కుండా, వేడిని ఆపే గుణం పోకుండా, నొక్కి వదిలితే మళ్లీ లేచేలా చేసి ఉంటే మాత్రం నేను ఆయన వైపే.

మన చట్టంలోనూ ఈ షరతు ఉంది, ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. అప్లికేషన్ పబ్లిష్ అయ్యాక, పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. కంపెనీయే అక్కర్లేదు, మీరైనా సరే. అయితే "ఒక్క లైనేగా" అంటే కుదరదు, అది అంతకుముందే ఎక్కడ ఉందో కాగితాలతో చూపించాలి. ఓకే, ఉంటాను మరి, బై.