విజయపురి శిలలు

కృష్ణానది నల్లమల కొండలను దాటి వచ్చుచోట, మూడు వైపుల కొండలును నాల్గవవైపు నదియు కావలిగా నొక విశాలమైన లోయ యుండెడిది. శాతవాహనుల యనంతరము, క్రీ. శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజులు విజయపురి యను పేర తమ రాజధానిని అచ్చటనే నెలకొల్పిరి. అదియే మన నాగార్జునకొండ. ఆంధ్రదేశపు మతచరిత్రను గ్రంథములందేగాక నేలపైనను చదువగోరువారు మొదట తలచుకొనవలసిన తావిది.

ఈ వంశమునకు ఆద్యుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. ఆయన అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసెనని శాసనములు చెప్పుచున్నవి. ఆయన సోదరి శాంతిశ్రీయో, బౌద్ధసంఘమునకు ఉదారముగ దానములు చేసిన ఇల్లాలు. మేనల్లుడగు వీరపురుషదత్తుని 6వ పాలనవర్షమున ఆమె మహాచైత్యము కడ స్తంభములు నిలిపించినది. అన్న యజ్ఞములు చేసినవాడు; చెల్లెలు చైత్యమును పోషించినది. ఒకే యింట ఈ రెండును పొసగినవి. దానము చేసినవారు రాజవంశపు స్త్రీలు మాత్రమే కారు. బోధిశ్రీ యను ఉపాసిక సింహళదేశపు స్థవిరుల కొరకు చైత్యగృహము కట్టించినది. కాశ్మీర గాంధార చీనా దేశముల పేర్లు సైత మామె శాసనమున కానవచ్చును. కృష్ణాతీరపు లోయకు ఎంతెంత దూరములతో సంబంధ ముండెనో దీనివలన తెలియును. అదే నగరమున పుష్పభద్రస్వామికిని, అష్టభుజస్వామికిని ఆలయములు వెలసినవి. విహారమునకును దేవాలయమునకును పలనాటి సున్నపురాయి యొకటే ఆధారమైనది.

శిల చిరకాలము నిలుచునని మనము నమ్మెదము. కాని కాపాడువారు లేనిచో అదియు నిలువదు. నదివెంట దిగువకు పోయి అమరావతిని చూచిన ఈ మాట బోధపడును. 1797లో మెకంజీదొర చూచునాటికే అచ్చటి స్తూపపు రాళ్లు క్రొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. మిగిలిన శిల్పములలో ననేకము నేడు చెన్నై, లండను నగరముల ప్రదర్శనశాలల నున్నవి.

నాగార్జునకొండకు వేరొక విధమున అపాయము కలిగినది. 1926లో వెలుగుచూచిన ఈ స్థలము, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు జలములలో మునుగవలసివచ్చెను. పొలములకు నీరును కావలెను, పూర్వుల స్మృతియు కావలెను. కావున 1954 మొదలు 1960 వరకు లోయ నంతటిని త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని ఊడదీసి, రాయికి రాయి కూర్చి, కొండపైన తిరిగి నిలిపిరి. మరికొన్నిటి నమూనాలను అనుపు గ్రామము కడ నిర్మించిరి. ఆ కొండ నేడు ద్వీపము. పడవపై పోవువారు తాము విజయపురి వీథుల మీదుగా పోవుచున్నామని మరువరాదు.

ఇట్టి శిలలు ప్రసిద్ధ స్థలములందే యుండునని తలపకుడు. చెరువుగట్టుననో, పాడుపడిన గుడి కడనో అక్షరములుగల రాయి యున్నచో, దానిని గడపకు వేయక, బట్టలుతుకు బండగా చేయక, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. శాంతిశ్రీ పేరు మనకు దక్కినది అట్టి యొక రాయివలననే గదా!