ముఖము త్రిప్పుకొను బిడ్డ

పెనుకొండ దాపున ఎర్రమంచిలో 2019 నుండి కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. కొలువులకై వచ్చు క్రొత్త ముఖములు అచట ఎక్కువైనవి. అట్టి పొరుగువారొకరు పలకరింపగా, ఒక బాలుడు చేయి చాచి, ముఖము మాత్రము ప్రక్కకు త్రిప్పుకొనెననుకొందము. "ఎంత పొగరు!" అందురు. తల్లి తల వంచుకొనును.

ఫ్రాజైల్ ఎక్స్ అను జన్యులోపమున ఇట్టి పలకరింపు తరచు కానవచ్చును. బుద్ధివికాసమును మందగింపజేయు ఈ లోపమును మార్టిన్, బెల్ అను పరిశోధకులు 1943లో ఒక కుటుంబమున వర్ణించిరి. మూలమైన జన్యువు 1991లో దొరకినది. ముఖము త్రిప్పుకొను ప్రతి బిడ్డకును ఇదియే యని కాదు, రక్తపరీక్షతోనే తేలును.

ఎదుటివారి చూపు తగిలినంతనే ఆ బిడ్డకు అరచేతులు చెమర్చును, గుండె దడదడలాడును. చర్మమున కలుగు విద్యుత్తు మార్పును కొలిచి శాస్త్రజ్ఞులు ఈ అలజడిని గుర్తించిరి. అతనికి అతిథిపై అయిష్టము లేదు. చేయి చాచినాడు గదా! చూపు మరల్చి తమాయించుకొనుచున్నాడు.

మేనరికమే కారణమనుటయు పొరపాటే. ఈ మార్పు ఎక్స్ క్రోమోజోమునందుండును. బయటి సంబంధములందును వచ్చును.

గడ్డము పట్టి "నా వైపు చూడు" అనుటకంటె, ప్రక్కన కూర్చుండి, బొమ్మకారు నొకదానిని నేలపై నడపుచు మాటాడుట మేలని మా యభిప్రాయము. కొంతసేపటికి వాడే క్రీగంట చూడవచ్చును.