పట్టు దారిలో దుబాసీలు



పట్టాలు అందుకునే ఇలాంటి సభల్లో శిఖరాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. నాకు శిఖరాల కంటే వాటి మధ్య కనుమలే బాగా తెలుసు. అందుకని ఒక పాత దారి గురించి చెబుతాను. చైనాలోని చాంగాన్‌లో మొదలై, తక్లమకాన్ ఎడారి అంచుల వెంట సాగి, పామీరు కనుమలు దాటి, సమర్‌ఖండ్, మెర్వ్‌ల మీదుగా మధ్యధరా తీరం చేరిన దారుల అల్లిక అది. మనం పట్టు దారి అంటున్నాం. ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచిన వర్తకులు దాదాపు లేరు. సరుకు అంత దూరం వెళ్లింది, మనుషులు తమకు తెలిసిన నాలుగు ఊళ్ల మధ్యే తిరిగారు. చైనాలో పట్టు నేసినవాడికి రోములో దాన్ని కట్టుకున్నామె ఎవరో తెలియదు. ఇద్దరి మధ్యా ఎన్నో చేతులు. ఆ మధ్య చేతుల గురించే నా మాట, ఎందుకంటే మీలో ఎక్కువమంది చేయబోయే పని అదే. రైతుకీ బ్యాంకుకీ మధ్య, రోగికీ మందుకీ మధ్య, హైదరాబాదులో రాసిన కోడుకీ దాన్ని ఎక్కడో వాడుకునే మనిషికీ మధ్య మీరుంటారు.

ఈ దారిని ‘తెరిచిన’ ఘనతను పుస్తకాలు చాంగ్ చియెన్‌కు ఇస్తాయి. క్రీ.పూ. 138లో హాన్ చక్రవర్తి వూ అతన్ని పడమటికి దూతగా పంపాడు. దారిలో సంచార తెగలైన షియోంగ్నూల చేతికి చిక్కి పదేళ్ల పాటు బందీగా ఉన్నాడు. చివరికి తప్పించుకుని నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని బాక్ట్రియాకు చేరాడు. అక్కడి అంగట్లో చూస్తే, తన దేశపు సిచువాన్ వెదురు కర్రలు, సిచువాన్ బట్ట! ఎక్కడివయ్యా అంటే, మా వర్తకులు భారతదేశంలో కొని తెచ్చారని జవాబు. దారి తెరవడానికి వచ్చిన రాజదూత కంటే ముందే ఎవరో ఊరూపేరూ లేని బేహారులు ఆ సరుకును చుట్టుదారిన అక్కడికి చేర్చేశారన్నమాట. ఘనత ఎవరికి దక్కుతుందో, పని ఎవరు చేస్తారో ఇంత నవ్వొచ్చేలా చెప్పే ఘట్టం చరిత్రలో నాకు మరొకటి కనబడలేదు.

అలాంటివాళ్లలో కొందరి పేర్లు మనకు దక్కాయి. 1907లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ దున్‌హువాంగ్‌కు పడమట ఒక కావలి బురుజు శిథిలాల్లో సోగ్దియన్ భాషలో, కాగితం మీద రాసిన ఉత్తరాలు కనుగొన్నాడు. నాలుగో శతాబ్దం తొలినాళ్లవి. సోగ్దియన్లు సమర్‌ఖండ్, బుఖారా ప్రాంతాలవాళ్లు. ఆ దారి పొడుగునా వర్తకులు, దళారులు, దుబాసీలు ఎక్కువగా వాళ్లే. నానై వందక్ అనే వర్తకుడు సమర్‌ఖండ్‌కు కబురు రాస్తున్నాడు: లోయాంగ్ నగరం తగలబడింది, చక్రవర్తి పారిపోయాడు, అక్కడున్న భారతీయులు, సోగ్దియన్లు తిండి లేక చనిపోయారు. అదే ఉత్తరంలో తాను పంపిన కస్తూరి లెక్క, ఒక అనాథ పిల్లవాడికి ముట్టాల్సిన సొమ్ము సంగతి కూడా ఉన్నాయి. రాజ్యం కూలుతుంటే కూడా పిల్లవాడి వాటా మరచిపోలేదు. దూరదేశాల మధ్య వ్యాపారం కొన్ని వందల ఏళ్లు నడిచిందంటే ఇలాంటి లెక్క వల్లనే నడిచిందని నా నమ్మకం.

ఇంకో ఉత్తరం మీవ్నాయ్ అనే ఇల్లాలిది. భర్త ఆమెను, కూతురిని దున్‌హువాంగ్‌లో వదిలి వెళ్లాడు. ఊరు చేరే దారి చూపమని బంధువులను, ఊరి పెద్దలను అడిగి అడిగి విసిగిపోయింది. చివరికి, నీకు భార్యనయ్యేకన్నా కుక్కకో పందికో భార్యనైనా నయమేనని మొగుడికి ఘాటుగా రాసింది. ఆ ఉత్తరాల సంచి గమ్యం చేరనే లేదు, పదహారు వందల ఏళ్లు బురుజులోనే పడి ఉంది. మొగుడు అదృష్టవంతుడు.

సంస్కృతుల కలయిక అనే మాటను మనం సభల్లో పన్నీరులా చల్లుతుంటాం. కానీ ఆ దారిలోని తుర్ఫాన్‌లో దొరికిన 639 నాటి సోగ్దియన్ దస్తావేజు ఒకటుంది. పర్షియా ముద్ర ఉన్న 120 వెండి నాణేలకు ఒక బానిస పిల్లను అమ్మిన పత్రం అది. భాష ఒక దేశానిది, నాణెం ఇంకో దేశానిది, కొన్నవాడు మరో జాతివాడు. కలయిక అంటే ఇది కూడా. 1338, 1339లలో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గరి వర్తకుల ఊళ్లలో ప్లేగుతో చచ్చిపోయినవాళ్ల సమాధులు బయటపడ్డాయి. చేతులు మారేది పట్టు ఒక్కటే కాదు, కాబట్టి మీ చేతి మీదుగా ఏం వెళ్తున్నదో చూసుకోండి.

ఆ దస్తావేజుకు కొన్నేళ్ల ముందు అదే తుర్ఫాన్‌కు, అప్పటి కావ్‌చాంగ్ రాజ్యానికి, ఒక భిక్షువు వచ్చాడు. ఆయన చైనా నుంచి సర్కారు అనుమతి లేకుండా బయల్దేరిన హుయాన్‌త్సాంగ్. మా రాజ్యంలోనే ఉండిపోండని రాజు చూ వెన్‌తాయ్ పట్టుబట్టాడు. భిక్షువు అన్నం నీళ్లు మానేశాడు. రాజు దిగివచ్చి దారిలోని 24 రాజ్యాలకు పరిచయ లేఖలు, ఒక్కో లేఖకు ఒక పట్టు తాను జతచేసి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో మూడేళ్లు తన దగ్గర ఉండాలని మాట తీసుకున్నాడు. హుయాన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. కానీ ఆ మాట తీర్చుకునే అవకాశం అతనికి దక్కలేదు. అప్పటికే రాజు పోయాడు, 640లో రాజ్యాన్ని చైనా తాంగ్ వంశపు సైన్యం ఆక్రమించింది. హుయాన్‌త్సాంగ్ నలందలో చదివిన కథ అందరూ చెబుతారు. ఆ లేఖలు రాసిచ్చిన రాజు మాత్రం ఎవరికీ గుర్తులేడు.

హుయాన్‌త్సాంగ్ మన గడ్డకూ వచ్చాడు. వేంగి చూశాడు, ధాన్యకటకంలో విహారాలు చాలావరకు పాడుబడ్డాయని రాశాడు. అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదివాడు, బదులుగా వాళ్లకు మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఎవరు గురువో ఎవరు శిష్యుడో తేల్చలేని చదువు అది.

మన నుంచి అటు వెళ్లినవాటిలో పెద్దది నాగార్జునుడి ఆలోచన. నాగార్జునకొండ పేరులో మనం నిలుపుకున్న ఆచార్యుడే. ఆ ఆలోచనను చైనాకు అందించినవాడు కుమారజీవుడు. తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజకుమారి. ఒక చైనా సేనాని 384లో కూచాను జయించి అతన్ని పట్టుకుపోయాడు. లియాంగ్‌చౌలో దాదాపు పదిహేడేళ్లు నిర్బంధంలో గడిపాడు. చైనా భాష అక్కడే పట్టుబడింది. 401లో చాంగాన్ చేరాక వందలమంది భిక్షువుల సభలో మూలం చదివి, అర్థం విడమరిచి, వాళ్లతో వాదించి, ఒప్పించి రాయించేవాడు. నాగార్జునుడి మధ్యమక శాస్త్రం అలా 409లో చైనా భాషలోకి వచ్చింది. నాగార్జునుడిదని చెప్పే నూరు సంపుటాల ప్రజ్ఞాపారమిత వ్యాఖ్యానాన్ని కూడా అతనే అనువదించాడు. ఆ గ్రంథం నాగార్జునుడిదేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. దాని సంస్కృత మూలం మాత్రం దొరకలేదు.

శాతవాహన రాజుకు నాగార్జునుడు రాశాడని సంప్రదాయం చెప్పే సుహృల్లేఖ సంగతీ ఇంతే. ఏడో శతాబ్దంలో ఈ దేశపు పిల్లలు దాన్ని కంఠస్థం చేసేవారని చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. ఇవాళ సంస్కృత మూలం లేదు, టిబెటన్, చైనా అనువాదాలే మిగిలాయి. మన నేల మీద పుట్టిన మాటను మనం చదవాలంటే దుబాసీ కావాలి. వేంగి గురించి హుయాన్‌త్సాంగ్ రాసిన నాలుగు ముక్కలనైనా మనలో చాలామంది ఇంగ్లీషు ద్వారానే చదువుతున్నాం.

అందుకని మీలో ఒకరిద్దరినైనా అడుగుతున్నాను. ప్రాచీన చైనా భాషో, టిబెటనో నేర్చుకోండి. సుహృల్లేఖను ఆ భాష నుంచి నేరుగా తెలుగులోకి తెండి. పదేళ్లు పడుతుంది, జీతం పెద్దగా రాదు, పెళ్లిచూపుల్లో చెప్పుకోవడం కష్టం. వేదిక మీదున్న పెద్దలకు కూడా మనవి: అలా వచ్చే విద్యార్థికి ఒక గురువును, ఆ పదేళ్ల ఉపకార వేతనాన్ని ఏర్పాటు చేయండి.