పొగాకు చేతులకో మ్యూజియం
(ఒక పల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)



కవాలా అనే ఊరి సంగతి నాలుగు మాటల్లో చెప్పి దిగిపోతాను. గ్రీసు దేశంలో ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న పట్నం అది. బైబిలు చదివినోళ్ళకు ఆ ఊరు తెలిసిందే. ఫిలిప్పీకి పోతూ పౌలు ఓడ దిగిన నెయపొలి అదే.

అక్కడ రెండు మ్యూజియాలు చూశాను. మొదటిది పురావస్తు మ్యూజియం. పాలరాతి స్తంభాలు, పాత సమాధుల్లో దొరికిన బంగారు నగలు. ఆ దాపుల్లోనే పాంగేయం కొండ ఉంది, పూర్వం బంగారు గనులకు పేరుబడ్డది. నగ పెట్టుకున్నోళ్ళ వైభవం అద్దాల పెట్టెలో మెరుస్తానే ఉంది. గనిలోకి దిగినోడి పేరు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

రెండోది పొగాకు మ్యూజియం. లోపలికి పోగానే నా కాళ్ళు ఆగిపోయినై. ఆకు గుచ్చే సూదులు, బేళ్ళు కట్టే సామాను, నేలమీద కూచొని ఆకు ఏరుతున్న ఆడోళ్ళ, మగోళ్ళ ఫోటోలు! మా అమ్మ గుంటూరు జిల్లాలో ఒక పొగాకు కంపెనీలో గ్రేడింగు చేసింది. సాయంత్రానికి ఆమె చేతులు జిగట పట్టి నల్లబడేవి. ఆ చేత్తో పెట్టిన ముద్ద చేదుగా ఉండేది. దగ్గుతానే పోయింది. ఆమె మోసిన గంప గూడా ఇవ్వాళ మా ఇంట్లో లేదు.

కవాలా కూలీలు ఎవరు? 1923లో గ్రీసు, టర్కీ దేశాలు జనాన్ని మార్చుకున్నాయి. ఇళ్ళూవాకిళ్ళూ పోగొట్టుకొని టర్కీ నుంచి వచ్చిన కాందిశీకులు ఎందరో ఆ గోదాముల్లోనే పనికి చేరారు. అంతకుముందే, 1914లో, అక్కడి పొగాకు కూలీలు పెద్ద సమ్మె చేశారు. 1934లో పొగాకు కార్మికుల నాయకుడు పార్ట్సాలిదిస్‌ను ఆ పట్నానికి మేయరుగా గెలిపించుకున్నారు. గ్రీసులో మొదటి కమ్యూనిస్టు మేయర్లలో ఆయనొకడు.

ఒక తేడా మరవొద్దు. వాళ్ళను కూలి అన్నారు, కాందిశీకుడన్నారు. మనల్ని అంటరానోళ్ళన్నారు. వాళ్ళ కష్టం, మన కష్టం ఒకటేనని నేననను. కానీ వాళ్ళ సూది అద్దాల పెట్టెలోకి ఎక్కింది. మన గంప పెంటకుప్పలోకి పోయింది. ఎందుకని? అక్కడ దాచినోళ్ళున్నారు.

అందుకే అడుగుతున్నా. ఈ పల్లెలో గ్రేడింగుకు పోయిన అమ్మలు ఇంకా ఉన్నారు. ఏ యేడు పోయారు, ఎంత కూలి ఇచ్చారు, ఎవరు తిట్టారు, ఎప్పుడు ఎదురు తిరిగారు? చదువుకున్న పిల్లలు నోటుబుక్కులో రాయండి. కూలి చీటీలు, పాత ఫోటోలు, గంపలు దాచండి. మ్యూజియానికి మేడ అక్కర్లేదు, ముందు ఒక ట్రంకు పెట్టె చాలు.

మా అమ్మ గంప పోయింది. మీ అమ్మది పోనీయకండి.

జైభీమ్!