సైట్ ఇంగ్లీష్ వేరు, ఐసెట్ ఇంగ్లీష్ వేరు

పోయిన ఎపిసోడ్ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో నలుగురైదుగురు ఒకే మాట అడిగారు. "అన్నా, డిగ్రీ ఉంది, ఇంకో ఏడాది ఇక్కడ చేసి ఇంటికి పోయి ఎంబీఏ చేద్దామనుకుంటున్నా. ఎంట్రన్స్‌లో ఇంగ్లీష్‌కి ఏం చదవాలి?" అని.

నేను ఐటీఐ వాణ్ని. ఐసెట్ రాయాలంటే డిగ్రీ ఉండాలి కాబట్టి నేను రాసింది లేదు. కానీ మా స్టోర్‌లో పనిచేసే తమ్ముడు ఒకడు, బీకాం చదివాడు, దానికి తయారవుతున్నాడు. ఆరు నెలలుగా రాత్రి వంట అయ్యాక ప్రశ్నలు చదివి అడిగేది నేనే. వాడికి రెండేళ్లకొకసారి సెలవు. గల్ఫ్‌లో ఐసెట్‌కి సెంటర్ లేదు, ఊరికి పోయే రాయాలి, అది సాధారణంగా మే, జూన్ నెలల్లో పడుతుంది. అందుకని ఆ ఒక్క సెలవూ పరీక్షకే పెట్టుకున్నాడు. చెల్లెలి పెళ్లి ముహూర్తం ఆ నెలలో కుదిరితే సరే, కుదరకపోతే నేను రాలేను అని ఇంట్లో చెప్పేశాడు. వాళ్లమ్మ రెండు వారాలు ఫోన్‌లో సరిగ్గా మాట్లాడలేదు.

వాడు మొదటిసారి పాత పేపర్ పెట్టుకుని రాస్తే ఇంగ్లీష్‌లో 50కి 19. లెక్కల్లో బాగానే వచ్చాయి. "అన్నా, క్యాంపులో అందరికీ ఇంగ్లీష్ మాట్లాడిపెట్టేది నేను, నాకే 19 వచ్చినయేంది" అని పేపర్ మడిచి మంచం కింద పడేశాడు. నేను చెప్పేదంతా ఆ 19 గురించే.

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి. మాకు తెలిసినాయన ఒకాయన ఐసెట్ రాద్దామనుకుని, ఎవరో అమ్మితే జీమ్యాట్ కోర్సు కొన్నాడు, అందులో సగం సెంటెన్స్ కరెక్షన్. ఇప్పుడు నడుస్తున్న జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు. వెర్బల్‌లో 23 ప్రశ్నలు, అన్నీ చదివి అర్థం చేసుకునేవి, తర్కం పట్టుకునేవి. క్యాట్‌లో కూడా ఇప్పుడు పేరాలు, వాటి సారాంశం, వాక్యాల వరుస మీదే బరువంతా. గ్రామర్‌ని నేరుగా అడిగేది మన ఐసెట్. మొత్తం 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. అందులో తెలంగాణ ఐసెట్‌లో అయితే 50 కమ్యూనికేషన్ ఎబిలిటీ. మిగతా సెక్షన్లలో ప్రశ్న కింద తెలుగు ఉంటుంది, ఇందులో ఇంగ్లీష్ ఒక్కటే. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీ వదలకండి.

ఇప్పుడు అసలు సంగతి. సైట్‌లో మనం మాట్లాడే ఇంగ్లీష్ పనికిరానిది కాదు. పాకిస్తానీ డ్రైవర్‌కి, ఫిలిపినో డాక్యుమెంట్ కంట్రోలర్‌కి, ఈజిప్ట్ ఇంజనీర్‌కి అందరికీ అర్థమవుతుంది, పని జరుగుతుంది. కానీ పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇచ్చినప్పుడు, చెవికి ఇంపుగా వినపడేది రోజూ వినేదే. తప్పు ఆప్షన్ సరిగ్గా అక్కడే కూర్చుని ఉంటుంది. ఎక్కువ ఇంగ్లీష్ మాట్లాడేవాడికే ఎక్కువ దెబ్బ.

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్." మనలో పదిమందిలో తొమ్మిదిమంది ఇలాగే అంటాం. తెలుగులో "2020 నుంచి పనిచేస్తున్నా" అన్నా, "అయిదేళ్ల నుంచి పనిచేస్తున్నా" అన్నా ఒకటే "నుంచి". ఇంగ్లీష్‌లో అవి రెండు. మొదలైన రోజు చెప్తే సిన్స్, గడిచిన కాలం చెప్తే ఫర్. పైగా పని అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తుంటే "యామ్ వర్కింగ్" చాలదు, "హావ్ బీన్ వర్కింగ్" కావాలి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." దీన్ని మా తమ్ముడు గోడ మీద రాసుకున్నాడు, క్యాంప్ బాస్ వచ్చి చెరిపించాడు (నవ్వు).

ఇంకోటి, ఇది బాగా గమనించండి. "సప్లయర్ పంపిన బ్లాకుల క్వాలిటీ బాగాలేదు" అంటాం. తెలుగులో "క్వాలిటీ", "బాగాలేదు" పక్కపక్కనే ఉన్నాయి, పొరపాటు పడే సందే లేదు. ఇంగ్లీష్‌లో క్వాలిటీ ముందుకు పోయి, నడుమ బ్లాకులు, సప్లయర్ అన్నీ వచ్చి నిలబడతాయి. "ది క్వాలిటీ ఆఫ్ ది బ్లాక్స్ సెంట్ బై ది సప్లయర్స్ డాష్ పూర్." వాజా, వర్ ఆ? దగ్గర్లో "సప్లయర్స్" కనపడేసరికి చెయ్యి వర్ మీదికి పోతుంది. జవాబు వాజ్. నడుమ ఉన్నదంతా షట్టరింగ్ అనుకోండి, ఊడదీయండి, మిగిలిన కాలమ్ ఏదో చూడండి. "ది ఇంజనీర్, అలాంగ్ విత్ టూ ఫోర్‌మెన్" అన్నా మిగిలేది ఇంజనీర్ ఒక్కడే, కాబట్టి ఈజ్. "వన్ ఆఫ్ ది క్రేన్స్" అన్నా ఈజ్. మా తమ్ముడి తప్పులన్నీ నోట్‌బుక్‌లో వేరు చేసి చూస్తే సగానికి పైగా ఈ రెండే, "నుంచి" ఒకటి, ఈ దూరం ఒకటి.

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ కూడా మన తెలుగు వల్లే కష్టం. "మేనేజర్ రేపు వస్తానన్నాడు" అన్నప్పుడు, మేనేజర్ నోటి మాట "వస్తాను" అలాగే ఉంచి "అన్నాడు" తగిలిస్తాం. అదే అలవాటుతో "మేనేజర్ టోల్డ్ ఐ విల్ కమ్ టుమారో" అంటాం. వినేవాడు వచ్చేది నువ్వే అనుకుంటాడు. మా దగ్గర ఒకసారి మీటింగ్ లిస్ట్‌లో మేనేజర్ బదులు హెల్పర్ పేరు ఎక్కింది ఇలాగే. పరీక్షకి కావాల్సింది "ది మేనేజర్ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ది నెక్స్ట్ డే." ఐ పోయి హీ వచ్చింది, విల్ పోయి వుడ్ వచ్చింది, టుమారో పోయింది. మూడు మార్పులూ చూసుకోండి. ఆప్షన్లలో రెండు మార్చి ఒకటి వదిలేసినవి పెడతారు.

మాటల వాడకంలో మన మెటీరియల్ రిక్వెస్ట్ ఫారాలే మన శత్రువులు. ఎక్విప్‌మెంట్స్, మెషినరీస్, ఫర్నిచర్స్, ఇన్‌ఫర్మేషన్స్ అని రోజూ చూస్తాం. వీటిలో దేనికీ చివర ఎస్ లేదు. లెక్క చెప్పాలంటే "పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్" అనాలి. డిస్కస్ పక్కన అబౌట్ వద్దు, రిటర్న్ పక్కన బ్యాక్ వద్దు, సీనియర్ పక్కన దాన్ కాదు టు. స్టేషనరీ అనేది పలకడానికి ఒకటే గానీ స్పెల్లింగ్‌లు రెండు. చివర ఇ, ఆర్, వై ఉంటే కాగితాలు, పెన్నులు. ఎ, ఆర్, వై ఉంటే కదలనిది. నోటీస్ బోర్డు మీద ఏ కాగితం అంటించినా నిలబడి తప్పులు వెతకడం మా తమ్ముడికి ఇప్పుడు ఆట. ఇంతకంటే చవకైన మాక్ టెస్ట్ లేదు.

మనకి కలిసొచ్చేదీ ఒకటుంది. అదే సెక్షన్‌లో బిజినెస్ మాటలు అడుగుతారు. ఇన్‌వాయిస్, కొటేషన్, టెండర్, ఇన్వెంటరీ, పెట్టీ క్యాష్. ఊళ్లో చదివే పిల్లలు వీటిని బట్టీ పడతారు. స్టోర్ కీపర్, టైమ్ కీపర్ రోజూ చేత్తో పట్టుకుంటారు. అక్కడ మార్కులు పోగొట్టుకోకండి.

ఎలా చదవాలి అంటే, రోజుకి ఇరవై ప్రశ్నలు చాలు. తప్పయిన ప్రతిదానికీ నువ్వు పెట్టిన జవాబు, అది ఎందుకు తప్పో ఒక్క ముక్కలో రాసుకో. రాసుకోకుండా కీ చూసి "ఓహో" అనుకుంటే రేపు మళ్లీ అదే పెడతావు. పాత పేపర్లు ఫ్రీగా దొరుకుతాయి, వాటికి డబ్బులు కట్టొద్దు. ఇంకో మాట. ఇక్కడ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపేస్తారు కదా, ఆ టైమ్‌లో చదువుకోమంటారా అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు. ఆ టైమ్‌లో నీళ్లు తాగి పడుకో. సగం నిద్రతో మళ్లీ స్కాఫోల్డింగ్ ఎక్కొద్దు.

మా తమ్ముడికి పోయిన శుక్రవారం 33 వచ్చాయి. వాడికి చాల్లేదు. క్వాలిఫై అవడానికి మొత్తం 200లో 50 సరిపోతాయి గానీ, సీటు ఏ కాలేజీలో అన్నది ర్యాంకు చెప్తుంది. 40 దాటాలని కూర్చున్నాడు.

ఈ వారానికి రెండు ఇస్తున్నా. ఒకటి, "ది లిస్ట్ ఆఫ్ మెటీరియల్స్ రిక్వెస్టెడ్ బై ది ఇంజనీర్స్ డాష్ రాంగ్." ఈజా, ఆర్ ఆ? రెండోది కొంచెం గట్టిది. "నైదర్ ది ఫోర్‌మన్ నార్ ది హెల్పర్స్ డాష్ ఇన్‌ఫార్మ్‌డ్." వాజా, వర్ ఆ? జవాబుతో పాటు ఎందుకో కూడా వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. ఎందుకో చెప్పనివి చదవను.