ఆర్‌ఎన్‌ఏ మీద చిన్న చుక్క... దానికీ పిల్లలు పుట్టడానికీ ఏంటి లింక్?

పెళ్లై రెండేళ్లు దాటితే చాలు, "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. విశేషం లేకపోతే ముందు హాస్పిటల్‌కి పంపేది ఎవర్ని? కోడల్ని. సైన్స్ ఏమంటుందో ఇవాళ చూద్దాం.

డీఎన్‌ఏ ఒరిజినల్ సోర్స్ కోడ్ అనుకోండి. అందులోంచి కావాల్సిన ముక్కని కాపీ తీసుకుంటే అది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చూసే కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. ఆ కాపీలో కొన్ని 'ఎ' అక్షరాల మీద ఒక మిథైల్ గ్రూప్ అతుక్కుంటుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే! దీని పేరు ఎం6ఏ. అక్షరం మారదు, పైన చుక్క పెట్టినట్టు. 1974లోనే దీన్ని గుర్తించారు. కానీ చెరిపేసే ఎంజైమ్ కూడా ఉందని తేలింది 2011లో.

అంటే ముగ్గురు ఉద్యోగులన్నమాట. మెటిల్3 చుక్క పెడుతుంది. ఆల్క్‌బీహెచ్5 చెరిపేస్తుంది. వైటీహెచ్ ప్రోటీన్లు ఆ చుక్కని చదివి, కాపీని వాడాలా, డిలీట్ చేయాలా అన్నది నడిపిస్తాయి.

అసలు పాయింట్ ఇక్కడుంది. పూర్తిగా ఎదిగిన అండం కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆపేస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో కోడ్ ఫ్రీజ్! పిండం సొంత జీన్లు ఆన్ అయ్యేదాకా దాచుకున్న కాపీలతోనే నెట్టుకురావాలి. వీర్యకణం తయారీ చివరి దశలోనూ ఇదే కథ. అప్పుడు ఏ కాపీ ఎప్పుడు వాడాలి, ఏది ఎప్పుడు పారేయాలి అన్నదే ప్రాణం.

ఎలుకల్లో చూశారు. 2013లో ఆల్క్‌బీహెచ్5 జీన్ తీసేస్తే మగ ఎలుకలు పెరిగాయి, కానీ వృషణాలు చిన్నవైపోయాయి, సంతాన సామర్థ్యం బాగా పడిపోయింది. 2017లో వైటీహెచ్‌డీఎఫ్2 లేని ఆడ ఎలుకలకి పిల్లలు పుట్టలేదు. అండంలో పాత కాపీలు సరిగ్గా తగ్గలేదు. వైటీహెచ్‌డీసీ2 లేకపోతే ఆడా మగా ఇద్దరికీ సంతానం లేదు.

చూశారా? ఒకే సిస్టమ్, ఫెయిలయ్యే చోటు ఎవరిలోనైనా ఉండొచ్చు. పైకి మనిషి గట్టిగా ఉన్నాడు కదా అంటే కుదరదు.

ఒక్క జాగ్రత్త. ఇవి ఎలుకల ఫలితాలు. "ఆర్‌ఎన్‌ఏ సరిచేసే మందు" అని ఎవరైనా అమ్మితే డబ్బులు పెట్టకండి.

ప్రపంచంలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతాన సమస్య వస్తుందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి బ్రదర్స్, వీర్య పరీక్ష చాలా సింపుల్. ఆమెను ఒక్కదాన్నే పంపకండి. మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లండి.